అమ్మడూ, సిసిలీ టూర్‌కి డబ్బులు కట్టే ముందు ఇది చదువు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టూర్ ప్లాన్ రెండుసార్లు చదివాను. ఏడు రోజులు, పదకొండు ఊళ్లు. మీ అమ్మకి అరవై మూడేళ్లు, మీ నాన్నకి మోకాళ్లు అంతంతమాత్రం. ఇది బుక్ చేయకు తల్లీ. ఇంకా అడ్వాన్స్ కట్టలేదన్నావు కదా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, విసుక్కోకుండా చివరిదాకా చదువు.

ఇటలీ వాళ్ల దీవి ఈ సిసిలీకి నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ గైడ్ ఉన్న టూర్‌లోనే. మొదటిసారి అన్నయ్య దగ్గరికి జర్మనీ వెళ్లినప్పుడు, సరిగ్గా నువ్వు పంపినలాంటి ప్లానే. ఆ టూర్ వాళ్లు మమ్మల్ని పొద్దున్నే ఆరింటికి బస్సెక్కించి, మిట్టమధ్యాహ్నం అగ్రిజెంటోలో దింపి, నలభై నిమిషాల్లో వచ్చేయమన్నారు. దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి గ్రీకు గుళ్లు ఒకే గట్టు మీద వరుసగా ఉంటాయక్కడ. నేను మొదటి గుడి దగ్గర కాసేపు నిలబడి, మిగతావి దూరం నుంచే చూసి, చెమట తుడుచుకుంటూ వెనక్కి వచ్చేశాను. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి గ్రీకుల పాఠం చెప్పినదాన్ని, బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. రెండోసారి పన్నెండు మంది గ్రూపుతో వెళ్లాం. తొమ్మిది రాత్రులు, మూడే మూడు చోట్ల బస: పలెర్మోలో మూడు, అగ్రిజెంటోలో రెండు, సిరకూసాలో నాలుగు. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టు ఉంటుంది.

అందుకని టూర్ వాళ్లకి ఫోన్ చేసి ఒక్కో చోట ఎన్ని గంటలు ఆపుతారు, ఏ టైముకి తీసుకెళ్తారు అని ముందు అడుగు. ఎన్ని ఊళ్లు చూపిస్తారో వాళ్లే గొప్పగా చెబుతారు, అది అడగక్కర్లేదు. గంటల లెక్క మెయిల్‌లో రాయించుకో. గ్రూపులో ఎంతమందో అడుగు, పదిహేను దాటితే గైడ్ మాట వెనకవాళ్లకి వినపడదు. గైడ్ సిసిలీ మనిషేనా అని కూడా అడుగు. మా రెండోసారి గైడ్ ఆ మట్టిలో పుట్టిన మనిషి, రాయి గురించి, చెట్టు గురించి, వంట గురించి అన్నీ కలిపి చెప్పేది, ఏదీ విడిగా ఉండేది కాదు.

ఏ నెలలో అంటే, ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. ఆగస్టులో చవగ్గా వస్తోందని ఎవరు చెప్పినా వినకు. సిరకూసా పక్కనే ఫ్లోరీడియా దగ్గర 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది, యూరప్ మొత్తం మీద అదే రికార్డు. మనం రెంటచింతల ఎండలు చూసినవాళ్లమే గానీ ఆ ఎండలో నీడ లేని రాళ్ల మధ్య మూడు గంటలు నడవడం వేరు.

వీసా సంగతి నీకు తెలిసిందే, షెంగెన్, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఆఖరి నెల దాకా ఆగి టెన్షన్ పడకు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, మీ నాన్నకి బీపీ, మోకాళ్ల సంగతి దాచకుండా రాయించు. హైదరాబాద్ నుంచి ఎలాగూ దారిలో విమానం మారాల్సిందే, కాబట్టి మొదటి రోజు ఏ ప్రోగ్రామూ పెట్టుకోవద్దు, పడుకోండి.

ఇప్పుడు అసలు సంగతి.

అగ్రిజెంటోకి పొద్దున్న గేటు తెరవగానే వెళ్లాలి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. కాంకోర్డియా గుడి దాదాపు చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. చుట్టూ మిగతావన్నీ పడిపోయినా ఇదొక్కటే ఎలా నిలిచిందని మీ నాన్న తప్పకుండా అడుగుతాడు. ఆరో శతాబ్దం చివర్లో దీన్ని చర్చిగా మార్చుకున్నారు, వాడుకలో ఉంది కాబట్టి రాళ్లు ఎవరూ పీక్కుపోలేదు. దాని మెట్ల దగ్గర పడి ఉన్న రాళ్లని దగ్గరగా చూడు. ఆ తేనెరంగు రాయి నిండా చిన్న చిన్న గవ్వలు, ఆల్చిప్పల ముక్కలు కనిపిస్తాయి. ఒకప్పుడు అది సముద్రం అడుగు. కట్టినప్పుడు దాని మీద తెల్లటి గచ్చు పూసి రంగులు వేసేవాళ్లట, గచ్చంతా రాలిపోయాక లోపలి గవ్వలు బయటపడ్డాయి. గైడ్ చెప్పకపోతే నేను ఆ రాయి మీదే కూర్చుని లేచి వచ్చేసేదాన్ని.

ఆ గుళ్ల కిందే లోయలో కొలింబెత్రా అని ఒక తోట ఉంది. చాలా టూర్లలో దాన్ని ఎగ్గొడతారు, టికెట్ కూడా వేరే. నువ్వు మాత్రం పట్టుబట్టి పెట్టించు. గ్రీకుల కాలంలో అది ఊరి చెరువు. తర్వాత పూడిపోయి తోటయింది. కమలా, నిమ్మ, బాదం, ఆలివ్ చెట్లు, కొండలో తొలిచిన సొరంగాల నుంచి వచ్చే నీళ్లు, ఆ నీళ్లని పారించే బోదెలు. తోటమాలి పారతో ఒక బోదె గట్టు తెంపి ఇంకోటి కట్టేసి ఒక్కో చెట్టు పాదులోకి నీళ్లు మళ్లించి చూపించాడు. అచ్చం మీ తాతయ్య అరటితోటలో చేసినట్టే, కాలి మడమతో మట్టి అదమడంతో సహా. ఆ తొట్టికి, కాలువకి, మోటకి వాళ్లు వాడే మాటలు జెబ్బియా, సాయా, సెనియా, మూడూ అరబ్బీ నుంచి వచ్చినవి. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు వచ్చి నిమ్మా నారింజా ఎలా పండించాలో నేర్పారు, పోయినవాళ్లు పోయారు, మాటలు పొలంలో ఉండిపోయాయి. మీ అమ్మని అక్కడ ఒక గంట కూర్చోబెట్టు, వేరే ఏమీ చూపించక్కర్లేదు.

సిరకూసాలో బస పాత ఊరు ఒర్టీజియాలోనే అడుగు. అది చిన్న దీవి, వంతెన దాటితే వచ్చేస్తుంది, అంతా నడిచే తిరగొచ్చు. అక్కడి పెద్ద చర్చి బయట నుంచి చూస్తే మామూలు యూరప్ చర్చిలాగే ఉంటుంది. లోపలికి వెళ్లి గోడ చూడు. క్రీస్తుపూర్వం 480 ప్రాంతంలో కట్టిన ఎథీనా గుడి స్తంభాలు ఆ గోడలోనే ఉన్నాయి, రెండు స్తంభాల మధ్య ఖాళీని రాళ్లతో పూడ్చి గోడ చేశారు. నేను ఒక స్తంభం మీద చెయ్యి పెట్టాను. నిలువు గాడులు అరిగిపోయి, చేతులు తగిలే ఎత్తులో నున్నగా, చల్లగా ఉంది. గుడికి వచ్చినవాళ్లు, చర్చికి వచ్చినవాళ్లు, మధ్యలో అరబ్బుల కాలంలో మసీదుగా ఉన్నప్పుడు వచ్చినవాళ్లు, అందరి చేతులూ తగిలిన రాయి అది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు నేను. అక్కడికి పొద్దున్నే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, మీ అమ్మ చీరతో ఏ ఇబ్బందీ ఉండదు.

ఎట్నా కొండ దగ్గర మాత్రం జాగ్రత్తగా విను. అది ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం, ఎత్తు 3,300 మీటర్ల పైమాటే. 2025 జూన్ 2న క్రేటర్, అంటే కొండ నోరు, దాని అంచు ఒకటి కూలి బూడిద మేఘం లేస్తే పైనున్న టూరిస్టులు కిందికి పరుగులు తీశారు. పై క్రేటర్ల దగ్గరికి లైసెన్సు ఉన్న గైడ్ లేకుండా వెళ్లనివ్వరు, ఎంత ఎత్తు దాకా అన్నది ఆ రోజు కొండ పరిస్థితిని బట్టి మారుతుంది. గైడ్ ఈరోజు వద్దు అంటే, డబ్బులు కట్టాం కదా అని వాదించకండి. కేబుల్ కార్ 1,900 మీటర్ల దగ్గర ఎక్కితే 2,500 దాకా తీసుకెళ్తుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కింద ఊళ్లో చెమటలు పడుతున్నా పైన స్వెట్టర్, మంకీ క్యాప్ కావాలి.

మీ నాన్న పైదాకా వెళ్లక్కర్లేదు. కింద 1892లో పుట్టిన సిల్వెస్ట్రి క్రేటర్లు ఉన్నాయి, బస్సు దిగి పది నిమిషాల నడక. అక్కడ గైడ్‌ని లావా వయసు ఎలా చెబుతారో అడుగు. కొత్త లావా నల్లగా బోసిగా ఉంటుంది. కొన్నేళ్లకి దాని మీద బూడిదరంగు నాచులాంటి పూత పడుతుంది, ఆ పూత రాయిని కొద్దికొద్దిగా తినేసి పిడికెడు మట్టి చేస్తుంది, ఆ మట్టిలో గడ్డి, తర్వాత పసుపు పూల పొదలు, వందల ఏళ్లకి చెట్లు, ఆ తర్వాత ద్రాక్షతోటలు. 1669లో లావా కటానియా ఊరిదాకా వచ్చేసింది, అయినా జనం ఊరు వదల్లేదు ఎందుకంటే ఆ నల్లమట్టి అంత బాగా పండుతుంది. పిస్తా, ద్రాక్ష, నిమ్మ అన్నీ ఆ కొండ పెట్టిన భిక్షే.

పియాజ్జా అర్మెరీనా అనే ఊరు దారిలో తగులుతుంది, వదలొద్దు. ఆ ఊరి దగ్గర నాలుగో శతాబ్దపు రోమన్ భవంతి, నేలంతా రంగురాళ్ల బొమ్మలు, 3,500 చదరపు మీటర్లు. మట్టి కప్పేయడం వల్లే ఇంతకాలం దాగి మిగిలింది. అరవై మీటర్ల వసారా నిండా జంతువుల్ని పట్టి ఓడలెక్కించే దృశ్యాలు, నిప్పుకోళ్లని చంకన పెట్టుకుని మోసేవాళ్లతో సహా. ఆ వసారా ఒక చివర ఏనుగు, పులి మధ్య కూర్చున్న ఒకావిడ ఉంది. ఆవిడ ఇండియా అని కొందరు పండితులు అంటారు. నాకైతే ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది.

పలెర్మోలో గైడ్ ఎలాగూ రాజుగారి చాపెల్, మొన్రియాలే చర్చి చూపిస్తారు, బంగారు బొమ్మల గోడలు, చూసి తీరాల్సినవే, దాని గురించి నేను చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం. చాపెల్‌లో గోడలు చూస్తూ కప్పు చూడటం మర్చిపోతారు. 12వ శతాబ్దంలో క్రైస్తవ రాజు రెండో రోజర్ కట్టించుకున్న ప్రార్థన గదికి ఆ చెక్క కప్పు అరబ్బు పద్ధతిలో చేయించాడు, తేనెతుట్టెలా వేలాడుతూ ఉంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూడు. ఒక సాయంత్రం అక్కడి బొమ్మలాటకి వెళ్లండి, ఓపెరా దేయ్ పూపి అంటారు. మన తోలుబొమ్మలాటకి మల్లే భాష రాకపోయినా కథ తెలిసిపోతుంది, చెక్క బొమ్మలు ఇనప కవచాలు వేసుకుని యుద్ధాలు చేస్తాయి, ఆడించేవాళ్లు కాలు నేలకేసి కొడుతుంటే కుర్చీ అదురుతుంది.

తిండి గురించి మీ అమ్మ బెంగ పెట్టుకుందని తెలుసు. శాకాహారికి అక్కడ ఏ బాధా లేదు, అడగడం తెలియాలి అంతే. పలెర్మోలో బల్లారో బజారులో పానెల్లే అడగండి. శనగపిండి నీళ్లలో ఉడికించి, పలచగా పరిచి ఆరబెట్టి, బిళ్లలు కోసి నూనెలో వేయిస్తారు, నువ్వుల బన్ను మధ్య పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. మీ అమ్మ ఒక్క ముక్క తిని ఇందులో కాస్త వాము పడాలి అంటుంది చూడు. వంకాయతో కపొనాతా అని పుల్లగా తియ్యగా చేస్తారు, నోర్మా అని వంకాయ పాస్తా ఉంటుంది. జాగ్రత్తపడాల్సింది చేప దగ్గర. చిన్న చేపల్ని కరిగించి సాస్‌లో కలిపేస్తారు, పైకి కనపడదు. "సెన్జా కార్నే, సెన్జా పేషే, సెన్జా అచ్చూగే" అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, అంటే మాంసం వద్దు, చేప వద్దు, ఆ చిన్న చేపలు కూడా వద్దు అని. అరంచీని అని బంగారు రంగు అన్నం ఉండలు ఊరిస్తాయి గానీ చాలావాటిలో మాంసం కూరుతారు, అడగకుండా కొరకొద్దు. రోడ్ల పక్కన నాగజెముడు పళ్లు కనపడతాయి, వాటిని అక్కడ ఇండియా అత్తిపళ్లు అంటారు, నిజానికి అవి మెక్సికో నుంచి వచ్చినవి. ముళ్లు తీసి ఇస్తే తినండి, చేత్తో కోయకండి, కంటికి కనపడని ముళ్లు రెండు రోజులు వదలవు.

ఇంకో రోజు జింగారో అనే సముద్రతీరానికి. ఆ తీరం వెంట రోడ్డు వేయబోతే 1980 మే నెలలో వేలమంది జనం నడిచి వెళ్లి ఆపించారు, మరుసటి ఏడాది దాన్ని సిసిలీలో మొదటి రక్షిత ప్రాంతం చేశారు. స్కొపెల్లో వైపు గేటు దాటగానే ఆగిపోయిన ఆ రోడ్డు సొరంగం ముక్క ఇప్పటికీ ఉంది. కాలిబాట ఏడు కిలోమీటర్లు, నీడ తక్కువ. మీ నాన్న ఒక అరకిలోమీటరు నడిచి మరుగుజ్జు తాటి చెట్ల మధ్య కూర్చుని సముద్రం చూస్తూ ఉంటాడు, నువ్వు ముందుకెళ్లి రా. ఆ తర్వాత ట్రాపానీ ఉప్పు మడులు. మన నౌపాడలాగే, కాకపోతే గాలిమరలు ఉంటాయి, ఉప్పు కుప్పల మీద ఎర్ర పెంకులు కప్పుతారు. పొద్దు గూకే టైముకి వెళ్లండి.

చెప్పులతో వెళ్లనివ్వకు మీ నాన్నని, అడుగు జారని బూట్లు ఇప్పుడే కొని నెల రోజులు ఇక్కడే తొడుక్కుని తిరగమను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాలా షాపులు మూసేస్తారు, మందులు ఇక్కడి నుంచే చీటీతో సహా పట్టుకెళ్లండి.

ఆదివారం లోపు టూర్ వాళ్లకి ఫోన్ చేసి ఆ గంటల లెక్క తెప్పించుకుని నాకు పంపు. అగ్రిజెంటో పక్కన ఎంత రాశారో ముందు అది చూస్తాను.

మీ పెద్దమ్మ