చెంచా అవ్వ చేతికివ్వు

అమ్మలూ,

కందుకూరు వైపు పల్లెల్లో పసిపిల్లలకు పల్చటి గంజి మాన్పించే పని మీ సంస్థ తలకెత్తుకుందని, రంగుల పోస్టర్లు వేయిస్తోందని మీ అమ్మ చెప్పింది. అవి అచ్చుకు పోకముందే నా మాట విను.

యాపిల్ పండు పట్టుకున్న బొద్దు పిల్లాడి బొమ్మ వేస్తే, అది కలిగినోళ్ళ బిడ్డ అనుకుని పక్కకు తప్పుకుంటారు. బొమ్మలో వాళ్ళ గిన్నె, వాళ్ళ వసారా కనబడాలి. మన నెల్లూరు జిల్లా సారా పోరాటం సంగతే చూడు. అక్షరాస్యత కేంద్రాల్లో పాఠంగా చదివిన సీతమ్మ కథ ఏ ఆడమనిషికీ కొత్త కాదు. తాగొచ్చే మొగుడు, పస్తులుండే పిల్లలు, అంతా ఇంటింటి గోడే. అందుకే దూబగుంట ఆడవాళ్ళు పాఠంతో ఆగలేదు, సారా అంగడి మూయించారు. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళు సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళు పట్టుకున్న చీపురుకట్టలు, కారప్పొడి ఎవరూ పంచినవి కావు, వాళ్ళ వంటింట్లోవే.

నువ్వూ వంటింట్లోకే వెళ్ళు. ఆ ఇంటి చెంచాతోనే చూపించు. ముందు ఆ ఇంటి అవ్వను గంజి తీసి చెంచా వంచమను, జారిపోతుంది. తర్వాత పప్పన్నం మెత్తగా మెదిపి, కాస్త నూనె వేసి వంచమను, నిలబడుతుంది. పసికడుపు చిన్నది, నీళ్ళతో నిండితే బలానికి చోటేదీ? ఆ మాట నువ్వు అనకు, చెంచా పట్టుకున్న అవ్వ నోటనే రానివ్వు. అన్నం గొంతుకు అడ్డం పడుతుందని ఆమె భయం. అది మూఢనమ్మకం కాదు, బిడ్డ మీద ప్రేమ. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఎంత మెత్తగా పెట్టాలో ఆమెనే మెదిపి చూపించమను.

బిడ్డకు తిండి చాలుతోందో లేదో చూసే జబ్బకొలత టేపు కూడా తల్లి చేతికే ఇవ్వు. బిడ్డ ఎడమ జబ్బ మధ్యలో, బిగించకుండా చుట్టాలి. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మధ్యలోది పసుపు. ఎరుపొచ్చిందని పదిమందిలో మాత్రం అనొద్దు. ఆ టెన్షన్‌కు, సిగ్గుకు తల్లి మళ్ళీ అంగన్‌వాడీ గడప తొక్కదు. పక్కకు పిలిచి చెప్పు.

పోస్టర్ల డబ్బులో సగమైనా టేపులకు మళ్ళించమని మీ సారును అడుగు. కాదంటే నాతో ఫోన్లో మాట్లాడించు.

మీ పెద్దమ్మ