పాటు వేళకి మీటింగు పెడితే భాగస్వామ్యం ఎలా వస్తుంది?

"అంతర్జాతీయ నిధుల వల్ల ఆదివాసులు సుస్థిర అభివృద్ధిలో నిజంగా భాగస్వాములు అవుతున్నారా? గోదావరి జిల్లాల్లో దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పండి" అని అడిగారు. చూశాను కాబట్టి చెబుతున్నాను. డబ్బు వస్తోంది. ఆ డబ్బుతో ఏం చేయాలని మాత్రం ఎవరి కోసం వచ్చిందో వాళ్ళని అడగడం లేదు. అడిగినట్టు కాగితాలు ఉంటున్నాయి, అంతే.

నేను కొన్నేళ్ళు కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాశాను. లెక్కలు రాసేవాడి బల్ల మీదకి అన్ని కాగితాలూ వస్తాయి. ప్రతిపాదన, బడ్జెట్, హాజరు పట్టీ, కారు బిల్లులు, ఫొటోలు, చివరికి దాతకి పంపే నివేదిక. ఊళ్ళో జరిగింది ఒకటీ, నివేదికలో ఎక్కింది ఇంకొకటీ అయితే ఆ సంగతి అందరికంటే ముందు మాకే తెలుస్తుంది.

ముందు ఒక విషయం. గోదావరి జిల్లాల్లో ఆదివాసులు అనగానే అందరూ రంపచోడవరం, చింతూరు, పాపికొండలు అంటారు. కొండరెడ్లు, కోయలు గుర్తొస్తారు. దాతల చూపు కూడా అటే పోతుంది. రోమ్‌లో ఉండే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి, అదే ఐఫాడ్, 1990లలోనే మన రాష్ట్రంలో గిరిజనాభివృద్ధి ప్రాజెక్టులకి అప్పు ఇచ్చింది, అవీ ఏజెన్సీ ప్రాంతాలకే. కానీ గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి మడ అడవుల చుట్టుపక్కల యానాది కుటుంబాలున్నాయి. వాళ్ళూ షెడ్యూల్డు తెగే. కొండ మీద వాళ్ళకి రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ఉంది, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది, 1996లో వచ్చిన పెసా చట్టం కింద గ్రామసభకి అధికారాలున్నాయి. ఇవి ఎంత బాగా అమలవుతున్నాయన్నది వేరే గొడవ, కనీసం చూపించుకోవడానికి ఉన్నాయి. డెల్టాలో ఉన్న యానాదికి వీటిలో ఒక్కటీ వర్తించదు, ఎందుకంటే అతని ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో లేదు. యానాదుల కోసమే ప్రత్యేకంగా పెట్టిన ఐటీడీఏ, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, నెల్లూరులో ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి అర్జీ పెట్టుకునేది ఎవరు?

ఇప్పుడు నేను చూసిన మీటింగు గురించి చెబుతాను.

మా సంస్థకి ఒక విదేశీ దాత డబ్బు ఇవ్వబోతున్నాడు. ఇచ్చే ముందు "సముదాయంతో సంప్రదింపులు" జరపాలని వాళ్ళ నియమం. మంచి నియమమే. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన చేసింది, దానికి మన దేశం కూడా అనుకూలంగా ఓటేసింది. ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి తీసుకోవాలన్న మాట అందులో ఉంది. అప్పటి నుంచి పెద్ద దాతలందరి పత్రాల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. మా మీటింగు కూడా ఆ సమ్మతి కోసమే.

పదకొండింటికి అన్నారు. ఊరి కమ్యూనిటీ హాల్లో ఫ్లెక్సీ కట్టారు. యానాది ఆడవాళ్ళు పదిన్నరకే వచ్చి గోడ వారన నేల మీద కూర్చున్నారు. కుర్చీలు వేశారు కానీ వాటిలో ఊరి పెద్దలు, మా సంస్థ వాళ్ళు కూర్చున్నారు. అతిథులు కాకినాడ హోటల్లో భోజనం చేసి బయలుదేరి వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. అమావాస్య వెళ్ళి రెండు రోజులు. సముద్రం పక్క ఊళ్ళలో పుట్టినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. అమావాస్యకి, పౌర్ణమికి పోటు, అంటే నీరు ఎక్కడం, పెద్దదిగా ఉంటుంది; పాటు, అంటే నీరు దిగడం, కూడా అంతే బలంగా లాగుతుంది. నీరు బాగా వెనక్కి పోయి మడ చెట్ల కింద బురద బయటపడుతుంది. మండపీత బొరియలు కనబడేది అప్పుడే. ఇనప కడ్డీ పెట్టి బొరియలోంచి పీతని లాగాలంటే ఆ కొద్ది గంటలే వేళ. మళ్ళీ పోటు తిరిగితే అంతా నీళ్ళే.

అతిథులు దిగేటప్పటికే పాటు మొదలైంది. హాలు కిటికీలోంచి కాలవ కనబడుతోంది. ఆడవాళ్ళందరి కళ్ళూ ఆ కాలవ మీదే ఉన్నాయి. ఇక్కడ దీపం వెలిగించారు, బొకేలు ఇచ్చారు, మా పెద్దాయన ప్రాజెక్టు గురించి చెప్పడం మొదలుపెట్టారు. అవగాహన, సాధికారత, వాతావరణ మార్పు, ఇలా పోతోంది ప్రసంగం. హాజరు పట్టీ చేతులు మారుతోంది, వేలిముద్రలు పడుతున్నాయి. అప్పుడు ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

"బాబూ, నీరు దిగిపోతంది. మీరు చెప్పేది మంచిదే అయ్యుంటది, రేపు పొద్దున్నే చెప్పండి, వింటాం. ఇయ్యాల ఏటకి ఎల్లకపోతే రేత్రికి పిల్లలకి ఏం పెట్టను?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఢిల్లీ నుంచి వచ్చినావిడ పక్కవాళ్ళని అడిగింది, ఏమంటున్నారని. "పనికి వెళ్ళాలంటున్నారు మేడమ్, కార్యక్రమం చాలా బాగుందంటున్నారు" అని చెప్పారు. నేను వెనక వరసలో ఉండి విన్నాను. పది నిమిషాల్లో హాల్లో యానాదులు ఒక్కరూ లేరు. నడుముకి బుట్టలు కట్టుకుని నావల వైపు పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయారు. మీటింగు ఆగలేదు. ఇంకో గంట సాగింది, ఊరి పెద్దలు మాట్లాడారు, ఫొటోలు దిగారు.

ఆ హాజరు పట్టీ తర్వాత నా బల్ల మీదకి వచ్చింది. నివేదికకి అనుబంధంగా పెట్టారు. పైన అచ్చయిన మాట "సముదాయం ప్రాజెక్టుకు పూర్తి సమ్మతి తెలిపింది". కింద వేలిముద్రలు. మీటింగుకి వచ్చామని వేసిన ముద్రలే సమ్మతికి సాక్ష్యం అయ్యాయి. నేను ఆ మాట సంస్థలో అడిగాను. "దాతకి కావలసింది ఇదే, నువ్వు లెక్క చూసుకో" అన్నారు. ఆ తర్వాత ఎక్కువ కాలం అక్కడ ఉండలేదు.

ప్రాజెక్టులో వాళ్ళకి ఏం వచ్చిందని అడుగుతారేమో. కుట్టు మిషన్లు వచ్చాయి. రోజూ మోకాలి లోతు బురదలో దిగి పీతలు పట్టే ఆడవాళ్ళకి కుట్టు మిషన్లు ఎవరు ఆలోచించారో నాకు ఇప్పటికీ కోపమే. ఆ పెద్దావిడతో నేను తర్వాత చాలాసార్లు మాట్లాడాను. వాళ్ళకి కావలసినవి చాలా స్పష్టంగా చెప్పింది. పీతని తూకం వేసేటప్పుడు కొనేవాడు కోత పెట్టకుండా తమదే ఒక తక్కెడ, తమదే ఒక చిన్న షెడ్డు. లోపల మాంసం నిండని పీతని తక్కువకి అమ్ముకోకుండా కొన్నాళ్ళు ఉంచి పెంచుకోడానికి కాస్త చోటు. సావుకారు అడ్వాన్సు తీర్చుకోడానికి చిన్న అప్పు. ఏ పాయలోకి వెళ్ళొచ్చు, ఏ పాయలోకి వెళ్ళకూడదు అన్నది రాతలో ఉన్న ఒక కాగితం. ఈ నాలుగింటికీ కలిపి అయ్యే ఖర్చు ఆ ప్రాజెక్టులో కార్లకీ హోటళ్ళకీ అయిన ఖర్చు కంటే తక్కువ. ఆ బిల్లులు రాసింది నేనే కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

హోటల్ వర్క్‌షాపుల గురించి కూడా చెప్పాలి. ఆదివాసుల భాగస్వామ్యం మీద చర్చ ఏసీ హాల్లో జరుగుతుంది, ఒక్క ఆదివాసి ఉండడు, ఉన్నా సన్మానం చేయించుకోడానికి ఉంటాడు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు ఈ సందడి మరీ ఎక్కువ. తర్వాత నిగనిగలాడే కాగితం మీద ఇంగ్లీషులో విజయగాథల పుస్తకం వేస్తారు. ఆ పుస్తకంలో ఫొటో ఉన్నావిడకి అందులో తన గురించి ఏం రాశారో చదివి చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

ఇంకోటి. మడ అడవుల మీద ఎంత డబ్బు పెట్టినా, పక్కనే వరి చేలు తవ్వి వేసిన రొయ్యల చెరువుల నీళ్ళు కాలవల్లోకి వదులుతుంటే పీత ఎలా బతుకుతుంది? దీని మీద ఒక్క సంప్రదింపుల మీటింగులోనూ మాట రాదు. చెరువులున్నవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉంటారు కదా.

అన్నీ చెడ్డగానే జరిగాయని నేను అనను. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి 1990ల చివర్లో మొదలుపెట్టి గోదావరి మడల్లో చేసిన పని బాగుంది. ఇండియా-కెనడా పర్యావరణ నిధి నుంచి డబ్బు వచ్చింది. మడ పోయి పల్లమైన చోట పోటు నీరు వచ్చి నిలిచిపోతుంది, ఎండకి ఆవిరై నేల ఉప్పు కట్టేస్తుంది, ఇంక మొక్క బతకదు. చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా పిల్ల కాలవలు తవ్వితే పోటుకి నీరు వచ్చి పాటుకి వెళ్ళిపోతుంది. ఉప్పు తగ్గుతుంది, నాటిన తెల్ల మడ నిలబడుతుంది. తవ్వినవాళ్ళు ఊళ్ళవాళ్ళే, కూలి వాళ్ళకే. నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎటు లాగుతుందో పీతలు పట్టేవాళ్ళ కంటే బాగా ఎవరికి తెలుసు? మనుషులకి తెలిసిన పనికి డబ్బు పెడితే ఫలితం కంటికి కనబడుతుంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి మడ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత 2011 ప్రాంతంలో ప్రపంచ పర్యావరణ నిధి డబ్బుతో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ ద్వారా, గోదావరి ముఖద్వారం జీవవైవిధ్యం కోసం పెద్ద ప్రాజెక్టు వచ్చింది. 2018లో వాతావరణ మార్పు పనులకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకి 4 కోట్ల 34 లక్షల డాలర్ల సాయం మంజూరు చేసింది. కాబట్టి డబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నదే అసలు సమస్య. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో కొన్ని దేశాలు, ఫౌండేషన్లు కలిసి ఆదివాసుల, స్థానికుల అటవీ హక్కుల కోసం 2025 లోపు 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మొదటి ఏడాది ఇచ్చిన దాంట్లో నేరుగా వాళ్ళ సంస్థలకి చేరింది 7 శాతమే అని ఆ దాతలే నివేదికలో రాశారు. మన దేశంలో దారి ఇంకా ఇరుకు. విదేశీ విరాళం తీసుకోడానికి హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘం పెట్టి మూడేళ్ళు కావాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. పీతలు అమ్ముకునే ఆడవాళ్ళ సంఘం 15 లక్షలు ఎక్కడ తెస్తుంది? పోనీ పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘానికి ఇద్దామంటే విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో అలా బదిలీ చేయడం కూడా నిషేధం. దొంగ సంస్థల్ని ఆపడానికి అన్నారు. నేను చూసినంతలో ఆగింది చిన్నవాళ్ళే.

ఐక్యరాజ్యసమితి సంస్థల డబ్బు ఈ చట్టం కింద విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అందుకే నా ఆశ వాటి మీదే. ప్రపంచ పర్యావరణ నిధికి 1992 నుంచి చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఉంది. ఐఫాడ్ దగ్గర 2006 నుంచి ఆదివాసుల సహాయ నిధి ఉంది. చిన్న చిన్న గ్రాంట్లు, నేరుగా ఆదివాసుల సంఘాలకే. దాని బోర్డులో ఎక్కువ మంది ఆదివాసీ నాయకులే. ఎంతసేపూ కోట్ల ప్రాజెక్టుల కోసం చూసే మన వైపు సంస్థలు ఇలాంటి దానికి యానాది సంఘం పేరు మీద దరఖాస్తు రాసిపెట్టాలి. రాసిపెట్టి పక్కకి జరగాలి.

నన్నడిగితే మొదటి గ్రాంటు పీతల షెడ్డుకి కూడా కాదు, హక్కు పత్రానికి పెట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం కొండ అడవికే అని చాలామంది అనుకుంటారు. చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద సముదాయ హక్కు కూడా అందులో రాసి ఉంది, అభయారణ్యాలకీ ఆ చట్టం వర్తిస్తుంది. కోరంగి అభయారణ్యం పాయల్లో తరతరాలుగా పీతలు పడుతున్న కుటుంబాలు ఆ హక్కు అడగొచ్చు. దానికి పాయల పటం గీయాలి, ముసలివాళ్ళ వాంగ్మూలాలు రాయాలి, కుల ధ్రువీకరణ పత్రాలు తెప్పించాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఖర్చంతా వాళ్ళ రోజు కూలే.

అందుకే దాతలకి నేను ఒకటే చెబుతాను. బడ్జెట్‌లో కన్సల్టెంటు ఫీజుకి పద్దు ఉన్నట్టే, మీటింగుకి వచ్చిన మనిషి పోగొట్టుకున్న వేటకి కూడా ఒక పద్దు పెట్టండి. తారీఖు వేసే ముందు పంచాంగం చూడండి. అష్టమి, నవమి రోజుల్లో పాటు అంతగా లాగదు, ఆ రోజుల్లో పెడితే వాళ్ళు కూర్చుని మాట్లాడతారు. హాజరు పట్టీ వేరు, సమ్మతి పత్రం వేరు చేయండి. సమ్మతి పత్రం మీద ముద్ర వేసే ముందు అందులో ఉన్నది పైకి చదివి, వద్దనడానికి వాళ్ళకి ఒక నెల గడువు ఇవ్వండి. మీ ప్రశ్న ఏదైనా ప్రాజెక్టు కోసం అయితే, ఈ మాటలు ప్రతిపాదన రాసేటప్పుడే పెట్టించండి. డబ్బు మంజూరయ్యాక ఎవరూ మార్చరు.