నగరం ఎటు పెరగాలో నిర్ణయించేది నేలా, మనుషులా?

రెండూ. కాకపోతే మొదటి మాట నేలదే. రోమన్లు థేమ్స్ నది మీద వంతెన వేయగలిగిన చోటే లండన్ మొదలైంది.

ఆ తర్వాత మనుషులు వేసుకున్న దారులు, స్థలాల హద్దులు కూడా నేలంత మొండిగా మారతాయి. 1666 అగ్నిప్రమాదంలో లండన్ నగరం చాలావరకు కాలిపోయింది. కొత్త ప్లాన్లు గీశారు, కానీ ఎవరి స్థలం వారిదే కావడంతో వీధులు దాదాపు పాత దారుల్లోనే మళ్లీ లేచాయి.

నేల స్వభావాన్ని పట్టించుకోకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్. రోడ్ల కంటే ముందు నీటి దారులను గుర్తించాలి. మెక్సికో సిటీ ఎండగట్టిన సరస్సు బంకమట్టి మీద విస్తరించింది. భూగర్భజలాలు విపరీతంగా తోడేయడంతో అక్కడ కొన్ని ప్రాంతాలు ఏటా అడుగుకు పైగా కుంగుతున్నాయి, పైపులు పగులుతున్నాయి.