పేరులో గాలి ఉన్నంత మాత్రాన

తల్లీ,

పశువుల వైరస్‌లు, గాలి, కీటకాల మీద నువ్వు పంపిన పన్నెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. ఒకసారి రాత్రి నిద్ర పట్టక, ఇంకోసారి పొద్దున్నే పెన్ను పట్టుకుని. బాగా చదువుకునే రాశావు, అందులో సందేహం లేదు. కానీ మొదటి పేజీలోనే "గాలికుంటు వ్యాధి గాలి ద్వారా వ్యాపిస్తుంది" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశావు. ఆ ఫుల్‌స్టాప్‌తోనే నాకు పేచీ.

ఎందుకంటే అక్కడే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, పాలమూరు వైపు ఒక ఊళ్లో ఎడ్లకూ బర్రెలకూ గాలికుంటు వచ్చిందంటే వెళ్లాను. నోట్లో పుండ్లు, గిట్టల సందున పుండ్లు, మూతి నుంచి తాడులా వేలాడే చొంగ. పక్క ఊళ్లో అప్పటికే రోగం ఉంది. రెండు ఊళ్ల మధ్య చెరువు, చెరువు మీదుగా చల్లగాలి. ఇంకేం కావాలి? "చెరువు దాటి వచ్చిన గాలి" అని హెడ్డింగుతో సహా రాసి పంపాను, అచ్చయింది. నెల తర్వాత మళ్లీ వెళితే ఒక ముసలమ్మ నన్ను చూసి నవ్వింది. "గాలి గాదు నాయనా, మా మరిది అంగడికెల్లి దూడను తోలుకొచ్చిండు. మూడోనాటికే అది చొంగ కార్చింది. నువ్వు అడగలే, మేం చెప్పలే" అంది.

ఈ విషయంలో ఉన్న చిక్కే అది. గాలికి సాక్షులుండరు. పైగా తప్పు గాలి మీదకు తోసేస్తే ఊళ్లో అందరికీ హాయి, ఎవరి మరిదినీ ఏమీ అనక్కర్లేదు. అందుకే "గాలి వల్ల వచ్చింది" అన్న మాట ఎక్కడ కనపడినా ఎలా తెలిసింది అని అడుగు. పరిశోధన కాగితంలో కనపడినా సరే అడుగు. నీ వ్యాసంలో సమాధానాలు బోలెడు ఉన్నాయి, ఈ ఒక్క ప్రశ్నే లేదు.

1981 మార్చి సంగతి చూడు. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే నాలుగు పేజీలు రాస్తాను. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంలో పందులకు గాలికుంటు తగిలింది. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ పరిశోధన కేంద్రం వాళ్లు, అక్కడి వాతావరణ శాఖ వాళ్లు కలిసి కూర్చున్నారు. జబ్బు పడిన పంది ఊపిరితో ఎంత వైరస్ వదులుతుందో అప్పటికే కొలిచి పెట్టుకున్నారు. ఆవుకు జబ్బు చేయడానికి ఎంత పీలిస్తే చాలునో కూడా కొలిచారు. పంది వదిలేది మహా ఎక్కువ, ఆవుకు చాలేది మహా తక్కువ. ఇక లెక్కకు మిగిలింది మధ్యలోని గాలి: ఆ వారం అది ఎటు వీచింది, ఎంత జోరుగా వీచింది, అందులో తేమ ఎంత. తేమ 60 శాతానికి పైన ఉంటే ఆ వైరస్ బతుకుతుంది, గాలి పొడిబారితే త్వరగా చచ్చిపోతుంది. నేల మీద గాలి చెట్లకూ కొండలకూ కొట్టుకుని చెదిరిపోతుంది కానీ చల్లని సముద్రం మీద అలా కాదు, ఊదువత్తి పొగ కదలని గదిలో తీగలా సాగినట్టు సాగిపోతుంది. ఇవన్నీ చూసి ఫ్రాన్స్ తీరం దగ్గరి ఛానల్ దీవులకూ, ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ముప్పు ఉండవచ్చని ముందే చెప్పారు. ఆ నెలలోనే ఛానల్ దీవుల్లో ఒకటైన జెర్సీలో ఒక చోట, ఇంగ్లండ్ దక్షిణ తీరం పక్కనున్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఒక చోట రోగం బయటపడింది. బ్రిటనీ నుంచి ఐల్ ఆఫ్ వైట్‌కు సుమారు 250 కిలోమీటర్లు. వైరస్‌లను పోల్చి చూస్తే రెండు వైపులా ఒకటే.

అంటే "గాలి" అన్న ఒక్క మాటను నిలబెట్టడానికి చుట్టూ ఇన్ని గుంజలు పాతారు. నీ పాఠకుడికి ఆ గుంజలు చూపించు. అప్పుడు వాడు నమ్మమని నువ్వు బతిమాలక్కర్లేదు. అలాగని ఐల్ ఆఫ్ వైట్ కథను తెచ్చి మన మే నెల మధ్యాహ్నానికి అతికించకు. వడగాలిలో ఆ వైరస్‌కు అంత ఆయుష్షు ఉండదు.

2001 సంగతీ రాశావు, బ్రిటన్‌లో గాలికుంటును ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను చంపారని. అంకె సరైనదే. కానీ ఆ కథలో గాలి ఎంతవరకు, లారీ ఎంతవరకు? ఇంగ్లండ్ ఉత్తరాన హెడన్ ఆన్ ద వాల్ అనే ఊళ్లో పందులకు ముందు తగిలింది. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో ఫారం గొర్రెల దాకా గాలి మోసి ఉంటుందని తేల్చారు. గాలి పని అంతటితో సరి. ఆ గొర్రెలు హెక్సమ్ సంతకు వెళ్లాయి. ఆ సంత నుంచి లాంగ్‌టౌన్ సంతకు, అటునుంచి దేశం నలుమూలలకూ లారీలెక్కి వెళ్లాయి. గొర్రెకు ఈ రోగం వచ్చినా పైకి అంతగా కనపడదు, కాబట్టి ఎవరూ ఆపలేదు. మా ముసలమ్మ మరిది తోలుకొచ్చిన దూడే ఇక్కడ లక్షల రెట్లయింది. నీ వ్యాసంలో 60 లక్షలు ఉంది, లారీ లేదు.

2007 ఆగస్టు మొదటి వారాంతం నాకు మరీ ఇష్టం. మూడో తేదీన పిర్‌బ్రైట్‌కు కొద్ది దూరంలోనే ఆవులకు గాలికుంటు అని తేలింది. విచారణ చేస్తే, పరిశోధన ఆవరణలోనే పాత డ్రైనేజీ పైపు కారి, వర్షాలకు తడిసిన మట్టిలోకి వైరస్ చేరి, ఆ మట్టి లారీ చక్రాలకు అంటుకుని బయటకు పోయి ఉంటుందన్నారు. పంది ఊపిరిని అంత శ్రద్ధగా కొలిచిన చోట, వైరస్ మురికిపైపులోంచి పోయింది! సరిగ్గా ఆ మర్నాటి రాత్రి, బెల్జియం వైపు నుంచి సముద్రం మీదుగా వీచిన గాలి, గొర్రెలకూ ఆవులకూ వచ్చే నీలినాలుక (బ్లూటంగ్) రోగపు వైరస్ ఉన్న చిట్టి దోమలను ఇంగ్లండ్ తూర్పు తీరంలో దించింది. ఆ రాత్రి ఎవరికీ తెలియదు. సెప్టెంబర్ 22న ఇప్స్‌విచ్ దగ్గర ఒక ఆవుకు రోగం తేలాక, గాలి లెక్కలు వెనక్కి తిప్పి చూస్తే ఆగస్టు 4 రాత్రి దగ్గర ఆగాయి. ఇంకో విశేషం, ఆ ఏడాది మార్చిలోనే పరిశోధకులు "ఈ ఏడు నీలినాలుక గాలి మీద వస్తుందా" అని అడుగుతూ ఒక పేపర్ అచ్చు వేసి ఉన్నారు. ఇంతకన్నా కథ ఏం కావాలి నీకు? నువ్వేమో దీన్ని పట్టికలో ఒక వరుసగా పెట్టావు.

ఆ దోమల సంగతికి వస్తాను. క్యూలికాయిడ్స్ అంటారు, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, ఆవగింజ పక్కన పెట్టి చూసుకోవచ్చు. నీలినాలుకను మోసేది ఇవేనని దక్షిణాఫ్రికాలో 1944లో చూపించారు. మన గొర్రెలకూ ఈ రోగం కొత్తది కాదు. వానలు పడ్డాక, బురదా పేడా కలిసి నానే రోజుల్లో వస్తుంది. మూతి వాస్తుంది, నాలుక కమిలిపోతుంది, గొర్రె కుంటుతూ మంద వెనక పడిపోతుంది. ఒకసారి ఒక పశువైద్య కళాశాల వాళ్లు ఈ దోమలను పట్టడం చూపించారు. సాయంత్రం గొర్రెల దొడ్డి పక్కన నల్లలైటు (అతినీలలోహిత లైటు) వేలాడదీశారు, దాని కింద చిన్న ఫ్యాను, ఫ్యాను కింద సబ్బునీళ్ల గ్లాసు. లైటుకు ఆశపడి వచ్చినవి ఫ్యాను గాలికి గ్లాసులో పడతాయి. సబ్బు కలపడం వల్ల తేలకుండా మునుగుతాయి. పొద్దున చూస్తే నీళ్లలో మిరియాల పొడి చల్లినట్టుంది. దాన్ని వడకట్టి మైక్రోస్కోపు కింద రెక్కల మీది మచ్చలు చూసి జాతులు విడదీశారు. తర్వాత ఒక పరిశోధకురాలు నన్ను పిలిచి ఒక ఆడదోమ పొట్ట చూపించింది. లోపల ముదురు ఎరుపు జీర. అంతకుముందు ఒకసారి రక్తం తాగి గుడ్లు పెట్టినదానికే ఆ రంగు ఉంటుందట. కుట్టేది ఆడదే, అందులోనూ ఒకసారి తాగి మళ్లీ తాగడానికి వచ్చినదే వైరస్‌ను ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు చేర్చగలదు. ఆ గ్లాసులోని వేలల్లో ఆమె వెతుకుతున్నది ఆ ఎర్ర జీరల కోసం. "కీటకాల ద్వారా వ్యాపిస్తుంది" అని రాసేటప్పుడు నాకు ఇప్పటికీ ఆ గ్లాసు గుర్తొస్తుంది.

ఒక పొరపాటు మాత్రం సరిచెయ్యి. నీలినాలుకనూ, ఆవుల ఒంటిమీద గడ్డలు లేచే లంపీ స్కిన్‌నూ ఒకే గాటన కట్టావు. నీలినాలుక వైరస్ దోమ ఒంట్లోకి పోయి, పెరిగి, కొన్ని రోజులకు దాని లాలాజలంలోకి వస్తుంది. చలి ఎక్కువైతే ఆ పెరగడం ఆగిపోతుంది. మన దేశంలో 2019లో ఒడిశాలో మొదట కనపడిన లంపీ స్కిన్ అలా కాదు. గడ్డ మీద వాలిన కుట్టే ఈగ మూతికి వైరస్ అంటుకుంటుంది, పక్క ఆవు మీద వాలితే దానికి అంటిస్తుంది. ఒకే సూదితో పదిమందికి ఇంజెక్షన్ పొడిచినట్టు. ఈ తేడా రైతుకు పనికొస్తుంది, ఎందుకంటే జబ్బుపడిన ఆవును దూరంగా కట్టేయడంలో అర్థం అప్పుడు తెలుస్తుంది.

భాష గురించి రెండు మాటలు. "వాయుజనిత సంక్రమణ", "కీటక వాహకాలు" తీసెయ్. "పంజా విసిరింది", "మృత్యుఘోష" కూడా. గాలికుంటుకు పెద్ద పశువులు చచ్చేది తక్కువ. లేగదూడలు చస్తాయి, పాలు పడిపోతాయి, దుక్కి రోజుల్లో ఎద్దు లేవదు. ఇంటికి తగిలే దెబ్బ అక్కడ ఉంది. ఇంకొకటి, పేరులో గాలి ఉంది కదా అని మనవాళ్లకు ఎప్పుడో వైరాలజీ తెలుసని చివర్లో మురిసిపోయావు. మన పల్లెల్లో "గాలి సోకింది" అంటే దయ్యం పట్టిందనీ అర్థం. ఆ పేరా కొట్టేశాను.

మన తెలుగులో ఒక సదుపాయం ఉంది, దాన్ని వాడుకో. వచ్చింది, వచ్చి ఉంటుంది, వచ్చి ఉండవచ్చు, వచ్చిందట. నాలుగూ నాలుగు మెట్లు. సైంటిస్టు పేజీడు జాగ్రత్తలు రాసిన చోట మన క్రియాపదం చివర చిన్న తోక చాలు. జెర్సీకి వైరస్ గాలి మీద "వచ్చింది" అని రాయవచ్చు, అన్ని ఆధారాలున్నాయి. పిర్‌బ్రైట్ మట్టి లారీ చక్రాలకు అంటి "పోయి ఉంటుంది". నా చెరువు గాలి "వచ్చిందట" కూడా కాదు, అసలు ఎవరూ అనలేదు, నేనే అన్నాను.

తిరగరాసే ముందు మీ ఊరి గొర్రెల మంద దగ్గరికి ఒక సాయంత్రం వెళ్లు. వాళ్లు వేపాకు పొగ ఎప్పుడు పెడతారో, ఏ గాలికి పెడతారో అడుగు. కొత్త పొట్టేలును ఎక్కడ కొన్నారో కూడా అడుగు, అది ముఖ్యం. నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్లు. ఆ కాలేజీలో లైటు పెట్టిన రాత్రి నేను పొట్టిచేతుల చొక్కాతో వెళ్లి మూడు రోజులు గోక్కున్నాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు