నెట్‌వర్క్ కార్డుల పేర్ల గురించి అమ్మలుకి

అమలాపురం

అమ్మలూ,

భీమవరం ఆసుపత్రిలో సర్వర్లన్నీ ఇక నీ చేతికే వచ్చాయని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. బ్యాకప్‌ల గురించి, పాస్‌వర్డ్‌ల గురించి నీకు చాలామంది చెప్తారు. నేను ఒక్క సంగతి చెప్తాను. ఆ లినక్స్ మిషన్లలో నెట్‌వర్క్ కార్డులకి పేర్లు ఎలా వచ్చాయో చేరిన మొదటి వారంలోనే కనుక్కో. పేర్లు మారితే మిషన్ ఆగి మళ్ళీ లేచినప్పుడే మారతాయి. మన వైపు సర్వర్లు నెలల తరబడి నడుస్తూనే ఉంటాయి. ఆగేది మాత్రం తుఫాను రాత్రి, జనరేటర్‌లో డీజిల్ కూడా అయిపోయాక.

నాకు సరిగ్గా అదే జరిగింది. అప్పట్లో ఈత్0, ఈత్1 అన్న పేర్లే ఉండేవి. కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, ఏ కార్డు ముందు కనబడితే దానికి సున్నా, తర్వాతి దానికి ఒకటి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే బళ్ళ లెక్క, ముందొచ్చింది ముందు. రెండు వేర్వేరు రకాల కార్డులుంటే వాటిని నడిపే ప్రోగ్రాములు, డ్రైవర్లు, ఒకదానితో ఒకటి పోటీ పడి లేస్తాయి. వంద సార్లు ఒకే వరసలో వచ్చి నూటొకటోసారి తప్పొచ్చు. తుఫాను వెలిసిన తెల్లారి కరెంటొచ్చింది, సర్వర్ లేచింది, పింగ్ మాత్రం లేదు, అంటే పిలిస్తే జవాబు లేదు. మూడు గంటలు కేబుళ్ళు మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి చూస్తే రెండు పేర్లూ తారుమారయ్యాయి. నెట్ పోయినందుకు నేను భయపడలేదు. ఏది రానివ్వాలో ఏది ఆపాలో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ పేరు మీద రాసినవి. ఈత్0 లోపలిది, వదిలెయ్. ఈత్1 బయటిది, ఆపు. అంటే ఆ మూడు గంటలూ ఇంటర్నెట్ తీగ మీద ‘వదిలెయ్’ అన్న రూల్ ఉంది. అది అర్థమైనప్పుడు చేతులు చల్లబడ్డాయి.

ఆ తర్వాత యూడెవ్ అనే ప్రోగ్రాము మ్యాక్ అడ్రస్‌ని, అంటే ప్రతి కార్డుకీ ఉండే సొంత నంబరుని, బట్టి పేరు గుర్తుపెట్టుకుని ఒక రూల్స్ ఫైల్లో రాసుకునే పద్ధతి వచ్చింది. దానిలోనూ చిక్కుంది. పిడుగుకి కార్డు కాలిపోయి కొత్తది వేస్తే, పాత పేరు ఆ కాలిన కార్డు మీదే ఉండిపోయి కొత్తదానికి ఈత్2 వచ్చేది. ఏ మూలనైనా సెంటాస్ 6 అనే పాత లినక్స్ ఉన్న మిషన్ కనబడితే ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇప్పుడు నువ్వు చూసే పేర్లు 2013లో సిస్టమ్‌డీ (లినక్స్ మిషన్‌ని లేపి సర్వీసులు నడిపే ప్రోగ్రాము) 197వ వెర్షన్‌తో వచ్చిన పద్ధతివి. మొదటి రెండక్షరాలు ‘ఈఎన్’ అంటే ఈథర్నెట్, ‘డబ్ల్యూఎల్’ అంటే వైఫై. ఈఎన్ఓ1 అంటే బోర్డు మీదే ఉన్న పోర్టు, ఆ నంబరు బోర్డులోనే ఉండే బయోస్ ప్రోగ్రాము ఇచ్చింది. ఈఎన్ఎస్1 అంటే స్లాటు నంబరు. ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ బస్సు (కార్డులు బోర్డుతో మాట్లాడే దారి) 3లో, 0వ చోట ఉన్న కార్డు. ఇవేవీ కుదరకపోతే పాత ఈత్ పేరే మిగులుతుంది. మన ఊళ్ళలో రావిచెట్టు పక్క ఇల్లు అన్నట్టు, పేరు కార్డుది కాదు, చోటుది. కాలిన కార్డు తీసి అదే స్లాటులో అలాంటిదే ఇంకోటి పెడితే పేరు మారదు.

కానీ దీన్నీ పూర్తిగా నమ్మకు. బస్సు నంబర్లు మిషన్ లేచేటప్పుడు వేసే లెక్క. మధ్యలో కొత్త ఎన్‌వీఎంఈ డిస్కో, రెయిడ్ కార్డో పెడితే లెక్క జరిగి, నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. చెట్టే పక్కకి జరిగిపోయినట్టు. మిషన్ లేచేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే లైన్లో నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని పెట్టి పాత పేర్లకి వెళ్ళిపొమ్మని ఎవరైనా చెప్తారు. ఒక్క కార్డే ఉన్న మిషన్‌కైతే పెట్టుకో. రెండున్న చోట మాత్రం వద్దు.

ముందు ఏ పేరు ఏ పోర్టుదో కళ్ళతో చూసుకో. ఈత్‌టూల్ కమాండ్‌కి హైఫన్ పి, కార్డు పేరు, 30 అని ఇవ్వు. ర్యాక్ వెనక్కి వెళ్ళి నిలబడు. ముప్ఫై సెకన్లు ఆ ఒక్క పోర్టు దగ్గర లైటు మిణుకుమిణుకుమంటుంది. కేబుల్ పట్టుకుని రెండో కొస దాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళు. అక్కడికక్కడే రాసి అంటించు. మన చెమ్మకి కాగితం లేబుల్ నిలవదు, నేను గుడ్డ టేపు చుట్టి మార్కర్‌తో రాసేవాణ్ణి. వర్చువల్ మిషన్లకి లైటుండదు, మ్యాక్ అడ్రస్‌తో పోల్చుకుంటే సరిపోతుంది.

తర్వాత నువ్వే పేరు పెట్టు. ఈటీసీ ఫోల్డర్లో సిస్టమ్‌డీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్ ఉంటుంది. అందులో 10తో మొదలై డాట్ లింక్‌తో ముగిసే ఫైల్, కార్డుకొకటి. ఫైల్లో మ్యాచ్ అన్న భాగం కింద ఆ కార్డు పర్మనెంట్ మ్యాక్ అడ్రస్, లింక్ అన్న భాగం కింద పేరు. పర్మనెంట్ అని ఎందుకన్నానంటే, ఒకే కార్డు మీద విడదీసి పెట్టుకునే వర్చువల్ నెట్‌వర్క్‌లకి, వీలాన్‌లకి, కూడా అదే మ్యాక్ వస్తుంది, ఉత్త మ్యాక్‌తో వెతికితే అవీ దొరికిపోతాయి. లోపలిదానికి లాన్0, బయటిదానికి వాన్0 లాంటి పని చెప్పే పేర్లు పెట్టు, 15 అక్షరాలు దాటకూడదు. ఈత్0 అని మాత్రం పెట్టకు, కెర్నల్ తనంతట తను ఇచ్చే పేరుతో గొడవ పడుతుంది. ఫైర్‌వాల్ రూల్స్‌లో, ఐపీ సెట్టింగుల్లో కూడా కొత్త పేరు మార్చి, మిషన్ లేచేటప్పుడు మొదట చదివే చిన్న ఫైళ్ళ మూట, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, మళ్ళీ తయారుచెయ్. అది మర్చిపోతే లేచేటప్పుడు పాత సంగతే చదువుకుంటుంది. కార్డు మారిస్తే ఆ ఫైల్లో మ్యాక్ కూడా మార్చాలి. ఆ మాట కూడా టేపు మీద రాయి.

ఈ పని ఇంట్లో కూర్చుని చెయ్యకు. పేరు మారిన క్షణంలో నీ లైన్ తెగిపోతుంది. సర్వర్ రూమ్‌లో, స్క్రీన్ ముందు ఉండి చెయ్యి. అన్నీ అయ్యాక నువ్వే రీబూట్ చెయ్, ఒకసారి కాదు, మూడుసార్లు. ఓపీ లేని ఆదివారం అడిగి తీసుకో. అక్టోబరు, నవంబరు తుఫాన్లు మొదలవకముందే.

ఆ ఆదివారం ముందుగా నాకు ఫోన్ చెయ్. రాజోలు, చించినాడ వంతెన మీదుగా పొద్దున్నే వచ్చేస్తాను. నువ్వు కీబోర్డు దగ్గర కూర్చో, వెనకాల నించుని లైట్లు నేను చూస్తాను.

మీ పెదనాన్న