పాత క్లాసికల్ రికార్డింగుల హై-రెజల్యూషన్ రీమాస్టర్లు కొనాలా? ముందు టేపు సంగతి చూడండి

చిత్తూరు నుంచి మీరు అడిగింది ఇదీ: కండక్టర్ కరాజన్ చేసిన బీథోవెన్ సింఫనీలు, ఇంకో కండక్టర్ షోల్టీ చేసిన వాగ్నర్ ఒపెరాల వరుస ‘రింగ్’, గ్లెన్ గౌల్డ్ పియానో మీద వాయించిన బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ పాత సీడీలు మీ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు అవే రికార్డింగులను రీమాస్టర్ చేసి, అంటే ధ్వనిని మళ్లీ సరిదిద్ది, 24-బిట్ హై-రెజల్యూషన్‌లో అమ్ముతున్నారు, వేలల్లో ఖర్చు, కొనొచ్చా అని. ఇంట్లో ఉన్న ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి ఎల్పీల గురించి కూడా అడిగారు.

కొన్ని కొనొచ్చు. చాలావాటికి డబ్బు దండగ. ఏది కొనాలో అట్ట మీద ఉండే 24/192 అంకె చెప్పదు. రికార్డింగు నాడు స్టూడియోలో తయారైన మూల టేపును మళ్లీ బయటికి తీసి, కొత్తగా డిజిటల్‌లోకి ఎక్కించారా లేదా అన్నది ఒక్కటే చూడండి.

ఆ అంకెల సంగతి ముందు చెప్పేస్తాను. బిట్ అంకె ధ్వనిని ఎంత సన్నగా కొలుస్తారో చెబుతుంది, కిలోహెర్ట్జ్ అంకె సెకనుకు ఎన్ని వేల సార్లు కొలుస్తారో చెబుతుంది. మామూలు సీడీ 16-బిట్, 44.1 కిలోహెర్ట్జ్. దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని అది పట్టుకుంటుంది. అతి సన్నని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య 96 డెసిబెళ్ల దాకా చోటిస్తుంది. మనిషి చెవికి చిన్నతనంలోనే 20 కిలోహెర్ట్జ్ హద్దు, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. 1950ల, 60ల నాటి టేపులో అయితే హిస్ (వెనక వినిపించే ‘స్‌స్’ రొద) ఎక్కువ, వాటి పరిధి అరవై డెబ్బై డెసిబెళ్ల దగ్గరే ఆగిపోతుంది. అంటే టేపులో ఉన్నదంతా సీడీలో హాయిగా పడుతుంది. 24-బిట్ అవసరం స్టూడియోలో పనిచేసే ఇంజనీరుకే. మాటిమాటికీ మార్పులు చేస్తున్నా ధ్వని చెడిపోకుండా ఆయనకు ఆ వెసులుబాటు కావాలి. పని పూర్తయి మన చేతికొచ్చాక దాని అవసరం పెద్దగా ఉండదు.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు, తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో కూర్చుని స్వయంగా పోల్చి చూసుకున్నాను. ‘రింగ్’లో మొదటి భాగం ‘రైన్‌గోల్డ్’ను 1958లో వియన్నాలోని సోఫియెన్‌సాల్‌ హాల్లో డెక్కా రికార్డు కంపెనీ వాళ్లు రికార్డు చేశారు. నిర్మాత జాన్ కల్షా. అందులో పాతాళంలోకి దిగే ఘట్టంలో 18 దాగలులు (కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మెలు) మోగాలని వాగ్నర్ రాశాడు. కల్షా ఉత్తుత్తి శబ్దాలతో సరిపెట్టకుండా నిజమైన దాగలులే తెప్పించాడు. 2022లో ఈ ‘రింగ్’ను మూల స్టీరియో టేపుల నుంచి 24-బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో కొత్తగా ఎక్కించి విడుదల చేయడం మొదలుపెట్టారు. పాత సీడీలో ఆ దాగలులు ఒకటే మోతగా, కలగాపులగంగా వినిపించేవి. కొత్తదాంట్లో ఏది దగ్గర, ఏది దూరం, ఏది ఎడమ, ఏది కుడి అన్నది విడివిడిగా తెలిసింది. ఇనుము మీద దెబ్బ పడ్డాక హాల్లో ఆ మోత ఎలా చల్లారుతుందో కూడా వినిపించింది. నాకైతే ఒళ్లు జలదరించింది.

తర్వాత ఆ హై-రెజల్యూషన్ ఫైలునే సాఫ్ట్‌వేర్‌తో 16-బిట్, 44.1కి దించి ఇంకో కాపీ చేశాను. మా బామ్మర్దిని కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, నేను అటు తిరిగి కూర్చుని, రెండింటినీ మార్చి మార్చి పెట్టమన్నాను. ఏది ఏదో పట్టుకోలేకపోయాను. మేం చోట్లు మార్చుకున్నాం. కాసేపు విని, “ఏంది బావా, రెండూ ఒగటే గదా!” అన్నాడు. అవును, ఒకటే. దాగలులను విడదీసింది కొత్తగా చేసిన టేపు బదిలీ. 192 అన్న అంకెకు అందులో వాటా లేదు.

పెద్ద పరీక్షల్లోనూ దాదాపు ఇదే తేలింది. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షలో హై-రెజల్యూషన్ డిస్కు ధ్వనిని నేరుగానూ, సీడీ స్థాయికి దించిన తర్వాతా వినిపించారు. మొత్తం 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు సగం దగ్గరే ఆగాయి, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో రైస్ అనే పరిశోధకుడు ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కవేస్తే సరైన జవాబులు 52.3 శాతం. తేడా అసలే లేదని దీంతో అనలేం. కానీ అంత సన్నని తేడా కోసం వేలు పోయమని నేను మీకు చెప్పలేను.

మరి కొత్త బదిలీలో అంత బాగుపడేది ఏమిటంటారా? 1980లలో సీడీలు హడావుడిగా తెచ్చినప్పుడు చాలావాటికి మూల టేపు వాడలేదు. ఎల్పీ కోసం తీసిన కాపీనో, ఆ కాపీకి కాపీనో వాడేశారు. ఒక్కో కాపీకి హిస్ పెరుగుతుంది, అంచులు మొద్దుబారతాయి. ధ్వనిని అంకెల్లోకి మార్చే అప్పటి యంత్రాలు కూడా ఇప్పటంత మంచివి కావు. ఇప్పుడు నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు అసలు టేపును వెతికి, టేపును చదివే హెడ్డు కోణం ఆ టేపుకు తగ్గట్టు సరిచేసి, వేగం చూసుకుని, అతుకులు ఊడినచోట మళ్లీ అతికించి ఎక్కిస్తారు. మనం డబ్బు పెట్టాల్సింది ఆ మనిషి ఓపికకు.

గౌల్డ్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన 1981లో గోల్డ్‌బెర్గ్‌ను రెండోసారి రికార్డు చేసినప్పుడు అప్పటి కొత్త డిజిటల్ పద్ధతిలోనూ, పక్కనే మామూలు టేపు మీదా పట్టారు. ముందు అమ్మింది డిజిటల్‌దే. 2002లో మామూలు టేపు నుంచి మళ్లీ తయారుచేస్తే పియానో నాదం గుండ్రంగా, వెచ్చగా వచ్చింది. అది వచ్చింది మామూలు సీడీగానే! మీ దగ్గరున్నది 2002కి ముందుదైతే ఆ సీడీ సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకోండి.

1980లలో పూర్తిగా డిజిటల్‌లోనే పట్టిన 16-బిట్ రికార్డింగులను మాత్రం హై-రెజల్యూషన్ పేరుతో ఎవరు అమ్మినా కొనొద్దు. పట్టినప్పుడు లేనిది ఇప్పుడెక్కడి నుంచి వస్తుంది? అనుమానముంటే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి బొమ్మ చూడండి. 96 కిలోహెర్ట్జ్ అని రాసి ఉన్న ఫైలులో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైనంతా నల్లగా ఉంటే, అది సీడీ స్థాయి ఫైలునే సాగదీసింది అనుకోవచ్చు.

పోల్చేటప్పుడు వాల్యూమ్ తప్పనిసరిగా సమానం చేయండి. రీమాస్టర్లు తరచూ కాస్త గట్టిగా ఉంటాయి, గట్టిగా ఉన్నదే బాగుందని చెవి నమ్మేస్తుంది.

ఇక ఎమ్మెస్. నాకు గట్టిగా పట్టుదల ఉన్న విషయం ఇదే. 1963 నాటి సుప్రభాతం ఎల్పీ గానీ, టీటీడీ కోసం ఆమె పాడిన ఐదు ఎల్పీల బాలాజీ పంచరత్నమాల గానీ, మనూళ్లలో జనం చెవుల్లో నాటుకుపోయినవి. వాటిని ‘క్లీన్’ చేయబోయి పాడుచేసిన కాపీలు నేను చాలా విన్నాను. ఒక సంస్థ రీమాస్టర్ అని అమ్మిన డిస్కు కొనుక్కొచ్చి పెడితే తంబూర ప్రాణం పోయినట్టుంది. కారణం ఇదీ: తంబూర గుర్రం (బ్రిడ్జి) మీద, తీగ కింద సన్నని నూలు పోగు పెట్టి జీవా కుదురుస్తాం. అది సరిగ్గా కుదిరితే ఒక్క తీగలోంచే పైపైకి సన్నని స్వరాలు పుట్టుకొస్తూ ఝుమ్మని నిలుస్తాయి. ఆ సన్నని ఝంకారం ఉండే చోటే టేపు హిస్ కూడా ఉంటుంది. హిస్ తీసేయమని సాఫ్ట్‌వేర్‌కు గట్టిగా అప్పజెబితే రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. పైగా గుడిలో పాడినట్టుండాలని ప్రతిధ్వని చేరుస్తారు. వీణ నేర్చుకునే రోజుల నుంచి ఆ తంబూరకు శ్రుతి కలుపుకుంటూ పెరిగినవాణ్ణి, అది నాకు నిజంగా కష్టంగా అనిపిస్తుంది. హిస్ ఉంటే ఉండనీ, తంబూర మాత్రం బతికుండాలి. మూల టేపు నుంచి, ఏమీ చేర్చకుండా, తుడవకుండా తీసిన బదిలీ వస్తే మామూలు సీడీ అయినా సరే, ఆ రోజే కొంటాను.

వినే చోటు కూడా చూసుకోవాలి. మే నెలలో మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఫ్యాన్ ఆపి ఎవరూ కూర్చోలేరు. ఆ రొదలో సీడీ చూపించగల సన్నని ధ్వనులే మునిగిపోతాయి, దానికి మించినవి ఇంకేం వినిపిస్తాయి? నేను రాత్రిపూట, వీధి సద్దుమణిగాక, వైరు ఉన్న హెడ్‌ఫోన్‌తో వింటాను. బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్‌లో ధ్వనిని కుదించే పంపిస్తారు, అక్కడికి హై-రెజల్యూషన్ కథ ముగిసినట్టే. కొనేముందు నెల చందా యాప్‌లో ఒకసారి వినేయండి. యాపిల్ మ్యూజిక్‌లో హై-రెజల్యూషన్‌కు అదనంగా కట్టక్కర్లేదు. 2023లో క్లాసికల్‌కు విడిగా యాప్ కూడా తెచ్చారు, అందులో ఒకే కృతికి ఉన్న వేర్వేరు రికార్డింగులు వెతకడం సులువు.

మీ మూడింటిలో నేనైతే ‘రింగ్’ కొంటాను. గౌల్డ్‌కు పైన చెప్పిన సీడీ చాలు. కరాజన్ 1961-62లో బెర్లిన్‌లోని యేసుక్రీస్తు చర్చిలో పట్టిన సింఫనీలను యాప్‌లో కొత్త బదిలీలో వినండి. తొమ్మిదో సింఫనీ చివర కోరస్ మీ పాత సీడీలో కన్నా తేటగా అనిపిస్తేనే డబ్బు తీయండి.

ఎమ్మెస్ ఎల్పీలను మాత్రం అమ్మకండి. డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా కడిగి ఆరబెట్టి, కొత్త ముల్లు వేసిన ప్లేయర్‌లో పెట్టి 24-బిట్, 96లో ఎక్కించుకోండి. ఇక్కడ 24-బిట్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే ఇప్పుడు స్టూడియో ఇంజనీరు మీరే. చిటపటలు తీసేయాలనిపిస్తే కాపీ మీద చేయండి, ముల్లు కింద నుంచి నేరుగా వచ్చిన మొదటి ఫైలును విడిగా ఇంకో డిస్కులో భద్రపరచండి.