ట్యుటోరియల్స్ అయిపోయాక సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఏం చదవాలి, ఏ అలవాట్లు చేసుకోవాలి?

ఉద్యోగంలో చేరి ఏడాది దాటిందని, వీడియో కోర్సులు వరుసగా పూర్తి చేశారని, అయినా బృందంలోని పాత కోడ్‌లో ఒక బగ్ అప్పగిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని, ఇప్పుడు ఏ వనరులు, ఏ అలవాట్లు పనికొస్తాయని మీరు అడిగారు. నేను చాలాకాలంగా బ్యాకెండ్ (సర్వర్ వైపు) పనిలో, ఎక్కువగా డేటాబేస్‌ల చుట్టూ ఉన్నాను. కొత్తగా చేరినవారికి పని నేర్పే బాధ్యత కూడా నా మీద ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీకు ఇప్పుడు ఇంకో కోర్సు అవసరం లేదు. మీరు రోజూ పనిచేసే వ్యవస్థ తన గురించి తానే చాలా చెబుతుంది. ఎర్రర్ సందేశంలో, అధికారిక డాక్యుమెంటేషన్‌లో, కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో, నడుస్తున్న ప్రోగ్రాంలో అది చెప్పేది ఓపికగా చదవడం నేర్చుకుంటే పాత కోడ్ అంటే ఉండే బెదురు చాలావరకు పోతుంది.

ఎర్రర్ సందేశంతో మొదలుపెడదాం. ఎర్రర్ కనిపించగానే కంటపడిన మొదటి పంక్తిని కాపీ చేసి గూగుల్‌లో వెతకడం చాలామందికి అలవాటు. కానీ ఎర్రర్‌తో పాటు దానికి దారితీసిన ఫంక్షన్ కాల్‌ల జాబితా (స్టాక్ ట్రేస్) వస్తుంది. పైథాన్‌లో అన్నిటికన్నా తాజా కాల్ చివర వస్తుంది కాబట్టి అసలు విషయం అట్టడుగు పంక్తిలో ఉంటుంది. జావాలో తాజా కాల్ పైన వస్తుంది గాని, ఒక ఎక్సెప్షన్‌లో (ప్రోగ్రాం లేవనెత్తే ఎర్రర్‌లో) మరొకటి చుట్టి ఉన్నప్పుడు మూలకారణం సాధారణంగా చిట్టచివరి ‘కాజ్డ్ బై’ దగ్గర దొరుకుతుంది. ముందు ఆ పంక్తి చదవండి. తరువాత, ఆ స్టాక్ ట్రేస్‌లో లైబ్రరీల ఫైళ్లను వదిలేసి, మీ బృందం రాసిన ఫైలు పేరు అక్కడికి దగ్గరలో ఎక్కడ కనిపిస్తుందో చూసి దాన్ని తెరవండి. ఇంతమాత్రానికే సగం బగ్‌లు ఏ ఫంక్షన్‌లో ఉన్నాయో తెలిసిపోతుంది.

డాక్యుమెంటేషన్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ చదవరు. మేము నిర్వహించిన ఒక వ్యవస్థలో వినియోగదారులు తమ అభిప్రాయాలను తెలుగులో రాసేవారు. తెలుగు వాక్యాలు చక్కగా సేవ్ అయ్యేవి. అదే వాక్యం చివర ఎవరైనా ఒక ఎమోజీ పెడితే మాత్రం ఆ అభిప్రాయం మొత్తం తిరస్కరణకు గురయ్యేది. లోపం మొబైల్ యాప్‌లో ఉందని కొందరు, ఫాంట్‌లో ఉందని కొందరు అనుకున్నారు. సమాధానం మేము వాడిన డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లో క్యారెక్టర్ సెట్‌ల అధ్యాయంలో తేటతెల్లంగా రాసి ఉంది. అక్షరాలను బైట్లుగా నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరసంకేతానికి మూడు బైట్లు పడతాయి, చాలా ఎమోజీలకు నాలుగు పడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఎంతోకాలంగా ‘యూటీఎఫ్8’ అనే పేరుతో ఉన్నది నిజానికి మూడు బైట్ల వరకే పట్టే కుదించిన రూపం. నాలుగు బైట్ల పూర్తి రూపం ‘యూటీఎఫ్8ఎంబీ4’ అనే పేరుతో 2010లో 5.5.3 కూర్పుతో (వెర్షన్‌తో) వచ్చింది, 8.0 కూర్పు నుంచి అదే డిఫాల్ట్ అయింది. చెల్లని డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ ఉన్నందువల్ల మాకు ఎర్రర్ అయినా వచ్చింది. అది లేని చోట్ల ఎమోజీ దగ్గర నుంచి మిగతా పాఠం కత్తిరించుకుపోయి, ఒక హెచ్చరికతో సరిపెట్టుకుంటుంది, ఆ హెచ్చరికను ఎవరూ చూడరు.

ఆ అధ్యాయంలోనే మరో చిక్కుముడి కూడా వీడింది. అదే ప్రాజెక్టులో కొన్ని టేబుళ్లలో పేరు, ఈమెయిల్ వంటి కాలమ్‌ల పొడవు 255 బదులు 191 అని ఉండేది, ఆ అంకె ఎక్కడిదో ఎవరికీ తెలియదు, మార్చడానికి అందరికీ జంకు. మైఎస్‌క్యూఎల్‌లో డేటా నిల్వ చేసే భాగమైన ఇన్నోడీబీ పాత కూర్పుల్లో, వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ కీకి 767 బైట్ల పరిమితి ఉండేది. అక్షరానికి మూడు బైట్ల లెక్కన 255 అక్షరాలకు 765 బైట్లు, అంటే సరిపోతుంది; నాలుగు బైట్ల లెక్కన 1020 అవుతుంది, పట్టదు. నాలుగు బైట్లతో పట్టే గరిష్ఠ పొడవు 191. తరువాతి కూర్పుల్లో డైనమిక్ అనే నిల్వ పద్ధతితో (రో ఫార్మాట్) ఈ పరిమితి 3072 బైట్లకు పెరిగింది కాబట్టి కొత్త టేబుళ్లకు ఆ 191తో పని లేదు. మాన్యువల్‌ను కేవలం ఆదేశాల పట్టికగా చూసేవారికి ఇటువంటి కారణాలు ఎప్పటికీ తెలియవు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మీ సర్వర్‌లో నడుస్తున్న కూర్పు ఏదో ముందు చూసుకుని, ఆ కూర్పుకు చెందిన పేజీనే చదవండి. వెతికినప్పుడు పైన వచ్చే పేజీ ఒక్కోసారి మీరు వాడని పాత కూర్పుది అయి ఉంటుంది. కూర్పు తేడా ఎంత దూరం వెళుతుందో తెలుగు పాఠంతో పనిచేసేవారికి బాగా తెలుసు. ‘తెలుగు’ అనే మాటలో మనకు మూడు అక్షరాలు కనిపిస్తాయి, ‘స్త్రీ’లో ఒక్కటే కనిపిస్తుంది, పైథాన్‌ను పొడవు అడిగితే రెంటికీ 6 అనే చెబుతుంది, ఎందుకంటే అది గుణింతపు గుర్తులను, పొల్లులను విడివిడి సంకేతాలుగా లెక్కిస్తుంది. కంటికి కనిపించే అక్షరాల లెక్కే కావాలంటే ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ నిర్దేశించిన గ్రాఫీమ్ క్లస్టర్ నియమాలను పాటించే లైబ్రరీ వాడాలి. కానీ 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 కూర్పుకు ముందున్న నియమాల ప్రకారం ‘స్త్రీ’ మూడు ముక్కలవుతుంది, ఆ తరువాతి నియమాల ప్రకారం ఒక్కటిగా ఉంటుంది. అంటే లైబ్రరీ కూర్పు మారితే మీరు రాసిన టెస్టు ఫెయిల్ కావచ్చు, అప్పుడు మీ కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఇవేవో తెలుగువారికి మాత్రమే సంబంధించిన చిన్న విషయాలని కొట్టిపారేసేవారికి 2018 ఫిబ్రవరి గుర్తు చేయవచ్చు: ‘జ్ఞ’కు సంబంధించిన ఒక సంకేతాల వరుస కనిపిస్తే చాలు ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలేవి, యాపిల్ ఐఓఎస్ 11.2.6 కూర్పుతో దాన్ని సరిచేయవలసి వచ్చింది.

వెబ్ పని చేసేవారికి ఎండీఎన్ అనే డాక్యుమెంటేషన్ సైటును మించిన ఆకరం నాకు తెలియదు. డేటాబేస్‌లలో పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ చదవడానికి ఎంతో హాయిగా ఉంటుంది. క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) పనితీరు గురించిన అధ్యాయం ఒక్కటి చదివినా మీ ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

ఇక గిట్. దీన్ని కోడ్ దాచుకునే పెట్టెగా మాత్రమే వాడేవారు ఎక్కువ. అర్థం కాని ఒక పంక్తి ఎదురైనప్పుడు ‘బ్లేమ్’ ఆదేశంతో అది ఏ కమిట్‌లో (నమోదు చేసిన మార్పులో) వచ్చిందో చూసి, ఆ కమిట్ సందేశాన్ని, దానితో పాటు మారిన ఇతర ఫైళ్లను చదవండి. అర్థంలేనిదిగా తోచిన షరతు వెనుక ఏదో ఒక వినియోగదారుడి ఫిర్యాదు ఉన్నట్టు తరచుగా తేలుతుంది. మధ్యలో ఎవరో ఫైలు మొత్తాన్ని ఫార్మాట్ చేసి ఉంటే ప్రతి పంక్తికీ వారి పేరే కనిపిస్తుంది. అటువంటి కమిట్‌లను పక్కన పెట్టే సౌకర్యం 2019లో వచ్చిన గిట్ 2.23 కూర్పు నుంచి ఉంది.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ‘బైసెక్ట్’. గత నెల పనిచేసిన ఒక నివేదిక ఈ నెల పనిచేయడం లేదు, మధ్యలో వెయ్యి కమిట్‌లు ఉన్నాయి అనుకోండి. బాగున్న కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి గిట్‌కు చెబితే అది మధ్యలోని కమిట్‌ను తెచ్చి ముందు పెడుతుంది. పరీక్షించి బాగుందో లేదో చెబితే మిగిలిన సగంలోకి వెళుతుంది. ఆ లెక్కన సుమారు పది పరీక్షల్లో దోషి కమిట్ దొరుకుతుంది, అదీ కోడ్ అర్థం చేసుకోకముందే. పరీక్షను ఒక చిన్న స్క్రిప్ట్‌గా రాసి ఇస్తే ఆ పని గిట్ తానే చేసుకుపోతుంది: స్క్రిప్ట్ 0తో ముగిస్తే బాగున్నట్టు, 1తో ముగిస్తే చెడినట్టు, ఆ కమిట్ అసలు బిల్డే కాకపోతే (నడిచే ప్రోగ్రాంగా తయారవకపోతే) 125తో ముగించి దాటవేయమని చెప్పాలి. పాత కోడ్‌లో బగ్ అప్పగిస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్న మీ ప్రశ్నకు, ఆ బగ్ ఒకప్పుడు లేదన్న సంగతి మీకు తెలిసిన పక్షంలో, ఇదే నా సూటి సమాధానం.

బైసెక్ట్ సరిగా పనిచేయాలంటే కమిట్‌లు చిన్నవిగా ఉండాలి, ప్రతి కమిట్ బిల్డ్ కావాలి. నలభై ఫైళ్లను తాకే ఒకే కమిట్ దోషిగా తేలితే మళ్లీ మొదటికే వస్తాం. అందుకే ఒక మార్పుకు ఒక కమిట్ అన్నది శుభ్రత కోసం పెట్టుకున్న ఆచారమని నేను అనుకోను, రేపు బగ్ వెతికే మనిషికి చేసే ఉపకారం అది. కమిట్ సందేశంలో ఏం మారిందో రాయనక్కరలేదు, అది డిఫ్‌లో (పాత, కొత్త కోడ్ తేడాలో) కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకు మార్చవలసి వచ్చిందో రాయండి.

నడుస్తున్న ప్రోగ్రాం చెప్పేది వినడానికి ప్రోగ్రాంను ఆపి ఆపి చూపే డీబగ్గర్ ఉంది, లాగ్‌లు ఉన్నాయి, డేటాబేస్ అయితే క్వెరీని ఎలా నడుపుతుందో చూపే ‘ఎక్స్‌ప్లెయిన్’ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో దానికి ‘అనలైజ్’ జోడిస్తే, క్వెరీ నడిచే దారి ఎంచుకునే ప్లానర్ ఎన్ని వరుసలు వస్తాయని అంచనా వేసిందో, నిజంగా ఎన్ని వచ్చాయో పక్కపక్కనే చూపిస్తుంది. ఈ రెంటికీ మధ్య వందల రెట్ల తేడా ఉన్న చోటే క్వెరీ నెమ్మదించడానికి కారణం వెతకండి. ఇండెక్స్ ఉండి కూడా టేబుల్ మొత్తాన్ని చదువుతుంటే, షరతులో ఆ కాలమ్‌ను ఏదైనా ఫంక్షన్‌లో చుట్టారేమో చూడండి. ఈమెయిల్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి పోలిస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు, ఆ ఎక్స్‌ప్రెషన్ మీదే ఇండెక్స్ ఉండాలి. ఒక హెచ్చరిక: ‘అనలైజ్’ జోడించినప్పుడు క్వెరీ నిజంగానే నడుస్తుంది. డిలీట్, అప్‌డేట్ వంటివాటిని పరీక్షించేటప్పుడు ట్రాన్సాక్షన్ తెరిచి, చివర రోల్‌బ్యాక్ చేయండి (మార్పులను వెనక్కి తీసుకోండి).

మన దేశపు వ్యవస్థల్లో మళ్లీ మళ్లీ తగిలే ఒక బగ్ కూడా చెబుతాను. సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందుంటాం. రోజువారీ నివేదికను సర్వర్ తేదీతో లెక్కిస్తే తెల్లవారుజామున 5.30 లోపు వచ్చిన ఆర్డర్లన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. మొత్తాలు నెల చివర దాదాపు సరిపోతాయి కాబట్టి అకౌంట్స్ వారు అడిగే వరకు ఎవరూ గమనించరు. సమయాన్ని యూటీసీలో నిల్వ చేసి, తేదీగా విడగొట్టే చోట మాత్రం భారత కాలమానంలోకి మార్చండి.

బగ్ కారణం తెలిశాక వెంటనే సరిచేయకండి. ముందు ఆ బగ్ వల్ల ఫెయిల్ అయ్యే టెస్టు ఒకటి రాసి, అది ఫెయిల్ కావడం కళ్లారా చూసి, ఆ తరువాత కోడ్ మార్చండి. టెస్టు ఫెయిల్ కాకపోతే మీరు అనుకున్న కారణం అసలు కారణం కాదని తెలిసిపోతుంది.

సీనియర్లను అడగడానికి మొహమాటపడవద్దు, కాని అడిగే తీరు ముఖ్యం. “పనిచేయడం లేదు సర్” అన్న సందేశానికి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఏ కూర్పులో అన్నది రాసి, సమస్య కనిపించే అతి చిన్న కోడ్ ముక్కను జతచేయండి. ఆ ముక్కను చిన్నది చేస్తూ పోయే క్రమంలోనే సమాధానం దొరికి, ఆ సందేశం పంపకుండానే చెరిపేసిన వారిని ఎందరినో చూశాను.

ఏఐ సహాయకుల విషయం మీరు అడగలేదు గాని అందరం వాడుతున్నాం. తెలియని కోడ్‌ను వివరించమని అడగడానికి, టెస్టులకు తొలి ప్రతి రాయించడానికి అవి బాగా పనికొస్తాయి. అవి సూచించిన ఫంక్షన్ మీరు వాడే కూర్పులో ఉందో లేదో మాత్రం డాక్యుమెంటేషన్‌లో చూడాలి, మీకు అర్థం కాని పంక్తిని మీ పేరుతో కమిట్ చేయకూడదు. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ఇతర సేవలను వాడుకునే రహస్య సంకేతాలు) వాటికి అందించవద్దు, గిట్‌లోనూ పెట్టవద్దు. పొరపాటున గిట్ సర్వర్‌కు పుష్ అయితే తరువాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో మిగిలే ఉంటుంది కాబట్టి ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

కోర్సు లేకుండా మనసు ఊరుకోకపోతే రెండు చెబుతాను, రెండూ ఉచితం. షెల్, గిట్, డీబగ్గింగ్ వంటి రోజువారీ పనిముట్ల మీద ఎంఐటీ వారి ‘మిస్సింగ్ సెమిస్టర్’ పాఠాలు ఉన్నాయి. డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్‌లలో పునాది బలహీనంగా ఉందనిపిస్తే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీల, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుల పాఠాలు ఉన్నాయి. కోడింగ్ సమస్యల సైటు లీట్‌కోడ్ ఇంటర్వ్యూలకు కావాలి, చేయండి. పాత కోడ్‌లో బగ్ వెతకడం మాత్రం అక్కడ అలవడదు.

మీరు ఏ భాషలో, ఏ డేటాబేస్‌తో పనిచేస్తున్నారో ప్రశ్నలో లేదు. అది చేరిస్తే దాని మాన్యువల్‌లో ఏ అధ్యాయాలు ముందు చదవాలో విడిగా రాస్తాను.